వయ్యారిభామయు, మన సంఘధర్మమును



విత్తనములు, ఎరువులు, అప్పులు, వాయిదాలు – వీనిని గూర్చియే ఈ పుటలలో మేము తఱచుగా వ్రాయుచుందుము. ఈ మాసమున మాత్రము సభ్యుల దేహారోగ్యమునకు సంబంధించిన ఒక విషయమును మీ యెదుట నుంచదలచితిమి. ఇది వైద్యుల పని గదా, సహకార సంఘమునకు ఇందేమి పని యని కొందరు తలపవచ్చును. తుదివఱకు చదివినచో ఆ పని యేమో తామే యెఱుగగలరు.

క్రిందటి మహాజనసభనాడు మా సభ్యులలో ఒకరు లోనికి రాక, కార్యాలయపు అరుగుమీదనే ఒక మూలగా కూర్చుండిరి. వయస్సు ఏబదియైదేండ్లుండును. ముప్పది యేండ్లుగా సంఘమున సభ్యులు. ఒక్క వాయిదా తప్పినవారు కారు. లోనికి రండని మేము పిలువగా, "వద్దులెండి. నన్ను చూచి నలుగురు జరిగి కూర్చుందురు. అది నాకును బాధ, వారికిని బాధ" అనిరి. చూడగా వారి కనురెప్పలు ఉబ్బి, మెడ నల్లబడి, మోచేతుల మడతలయందు చర్మము మందమై పగుళ్లు వారియుండెను. ఐదేండ్లనుండి ఈ బాధ యట. తొలుత వానకాలమున వచ్చి చలికాలమునకు తగ్గుచుండెడిది. తరువాత తగ్గుటయే మానినది. రాత్రులు దురదచే నిద్ర లేదు. ఊరిలో దీనికి గజ్జి యని పేరు పెట్టిరి. క్షౌరశాలలో కూర్చుండబెట్టుకొనుటకు వెనుదీసిరి. వియ్యాలవారింట శుభకార్యమునకు పోగా వేఱుగా చాప వేసిరి. మనుమరాలిని ఎత్తుకొనబోవగా కోడలు బిడ్డను తీసికొని లోనికి పోయెను. "ఆమెను తప్పు పట్టను. అంటురోగమని అందరును చెప్పినప్పుడు ఏ తల్లియైనను అదే చేయును" అని వారే అనిరి.

ఈ ఐదేండ్లలో వారు పూయని లేపనము లేదు, కట్టని ఆకు లేదు. తుదకు పట్టణమున ఒక చర్మవైద్యులకడకు పోగా, ఆయన వీపుమీద కొన్ని పదార్థములను చిన్న పట్టీలతో అంటించి, రెండు దినములుంచి, తీసి చూచిరి. వయ్యారిభామ సారముంచిన చోట చర్మము ఎఱ్ఱబడి పొక్కెను. "మీకు గజ్జి కాదు, అంటురోగమును కాదు. ఆ మొక్క మీ ఒంటికి పడదు. దానికి దూరముగా నుండుడు" అని చెప్పి మందులు వ్రాసి పంపిరి.

ఇది చెప్పి ఆ పెద్దమనిషి మమ్ములను ఒక ప్రశ్న యడిగిరి. "అయ్యా, డాక్టరుగారు దానికి దూరముగా ఉండుమన్నారు. నా చేనిలో నేను ఒక్క మొక్కను ఉండనీయను. కాని నా గట్టుకు అవతల అదే, కాలువ పొడుగున అదే, బాట కిరుప్రక్కల అదే, బడి ఆవరణలో అదే. నే నెక్కడికి పోయి దూరముగా ఉందును?"

ఆ ప్రశ్నకు ఆనాడు మేము బదులు చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆ బదులు చెప్పుటకు మేము చేయు ప్రయత్నము.

పడకపోవుట యన నేమి?

ఇంగ్లీషువారు అలర్జీ యనుదానిని మనవారు "పడకపోవుట" యందురు. వంకాయ ఒకరికి పడదు, రొయ్య ఒకరికి పడదు, దుమ్ము ఒకరికి పడదు. అలర్జీ యను మాటను 1906వ సంవత్సరమున వియన్నా నగరపు వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే కల్పించెను. అంతకు పూర్వమే మనయిండ్లలోని ముసలమ్మలు "వాడికది పడదే" యని చెప్పుచునే యుండిరి. మాట వేఱుగాని భావ మొకటియే. మన దేహమునందు శత్రువులతో పోరుటకు ఒక కావలి దళము కలదు. రోగక్రిములు ప్రవేశించినప్పుడు అది పోరాడి మనలను కాపాడును. కొందరి దేహములయందు ఆ కావలి పొరబడి, క్రిమి కాని వస్తువును కూడ శత్రువుగా ఎంచి పోరు సాగించును. ఆ పోరువలన కలుగు వాపు, దురద, తుమ్ములు, ఆయాసము మొదలగునవియే అలర్జీ.

ఇచ్చట ఒక భేదమును గుర్తింపవలెను. గుంటూరు సీమలో మిరపకాయలను గ్రేడు చేయు స్త్రీల చేతులు మండును, వారికి తుమ్ములు, దగ్గు వచ్చును. అది మిరపలోని కారపు గుణము. ఎవరు ముట్టినను మండును. వయ్యారిభామ యట్లు కాదు. పదిమంది దానిని పెఱికినచో ఎనమండుగురికి ఏమియు కాకపోవచ్చును, ఇద్దరికి మాత్రము ఒళ్లంతయు రేగవచ్చును. కనుకనే "మాకు రానిది నీకెట్లు వచ్చినది?" యని రోగినే నిందించుట జరుగుచున్నది. మఱియొక వింత యేమన, ఇది మొదటి దినముననే రాదు. ఏండ్ల తరబడి ఆ మొక్కల నడుమ తిరిగినవానికి, ఏ బాధయు లేనివానికి, ఒక సంవత్సరము హఠాత్తుగా మొదలగును. దేహము ఒకసారి దానిని శత్రువుగా గుర్తించిన పిమ్మట మఱచిపోవుట అరుదు. ముట్టిన వెంటనే గాక, ఒకటి రెండు దినములు గడచిన పిదప పొక్కుటయు దీని లక్షణమే. అందువలన కారణ మేదియో రోగికే తెలియక, ఆనాడు తిన్న కూరమీదనో, క్రొత్తగా కట్టిన బట్టమీదనో నేరము మోపబడుచుండును.

అన్నిటికంటె ముఖ్యముగా తెలియవలసిన మాట యిది: ఇది అంటుకొనదు. రోగి ప్రక్కన కూర్చున్నను, అతని కంచములో తిన్నను, అతని చేతి బిడ్డను తీసికొన్నను ఎవరికిని రాదు. గజ్జి యనునది చర్మములో దూరు ఒక సూక్ష్మమైన పురుగువలన వచ్చి, ఇంటిల్లపాదికిని ప్రాకును. దీనికి అట్టి పురుగు లేదు. పరీక్ష చేయక ఒక మనిషిని అరుగుమీదకు వెళ్లగొట్టిన పాపము మన ఊరిది.

ఆ మొక్క కథ

వయ్యారిభామ మన దేశపు మొక్క కాదు. మెక్సికో ప్రాంతము దీని పుట్టినిల్లు. శాస్త్రజ్ఞులు దీనిని పార్థీనియమని పిలుతురు. మన దేశమున ఇది 1955వ సంవత్సర ప్రాంతమున పూనా నగరముకడ గుర్తింపబడి, పిమ్మట దేశమంతటను అల్లుకొన్నది. అమెరికానుండి దిగుమతియైన గోధుమలతో దీని విత్తనములు వచ్చినవని లోకప్రసిద్ధి. కొన్ని తావుల కాంగ్రెసు గడ్డి యనియు, క్యారెట్టు ఆకును పోలియుండుటచే క్యారెట్టు గడ్డి యనియు దీనికి పేళ్లు కలవు. చూచుటకు వయ్యారముగానే యుండును. తెల్లని చిన్న పూలతో గాలికి తలలూపుచుండును. పేరు పెట్టినవాడు రసికుడే గాని, దాని గుణము నెఱిగినవాడు కాడు.

దీని ఆకులమీదను, కాండముమీదను, పూలయందును సన్నని నూగు కలదు. ఆ నూగులో పార్థీనిన్ అను విషపదార్థ ముండును. చర్మమును రేపునది ముఖ్యముగా ఇదియే. ముట్టినప్పుడే గాక, మొక్క ఎండి పొడియైన పిమ్మటను ఆ నూగు, పొడి గాలిలో తేలివచ్చి ముఖముమీదను, కనురెప్పలమీదను, మెడమీదను, మోచేతి మడతలయందును చెమటతో కలసి నిలుచును. కావుననే దానిని చేతితో ముట్టనివారికిని జబ్బు వచ్చుచున్నది. ఎండ దీనికి తోడగును. పొలములో ఆరుబయట పనిచేయు పురుషులలో ఈ వ్యాధి ఎక్కువగా కనబడుచున్నది. స్త్రీలకు రాదని దీని అర్థము కాదు. పూనా ప్రాంతపు రోగులను గూర్చి వైద్యులు 1974వ సంవత్సరముననే ప్రకటించిరి. అనగా ఏబదియేండ్లుగా లోకమునకు తెలిసిన సంగతి మన గ్రామమునకు ఇప్పటికిని గజ్జిగానే యున్నది. దీని పుప్పొడివలన కొందరికి తుమ్ములు, ముక్కు కారుట, ఉబ్బసమును కలుగుచున్నవి.

రోగి చేయదగినది

మొదట రోగి తన మట్టుకు తాను చేసికొనదగిన పనులను చెప్పుదుము. అనుమానము కలిగినవారు చర్మవైద్యునికి చూపించుకొని, పైన చెప్పిన పట్టీ పరీక్షను గూర్చి యడుగవలెను. కారణము తెలియుటయే సగము మందు. పొలమునకు పోవునప్పుడు నిండు చేతుల నూలు చొక్కా తొడిగి, మెడకును తలకును తుండు చుట్టుకొనవలెను. ఇంటికి రాగానే ముఖము, మెడ, చేతులు సబ్బుతోను చల్లని నీటితోను కడుగుకొని, బట్టలు మార్చవలెను. పొలపు బట్టలను ఇంటి బట్టలతో కలిపి ఉతుకరాదు; వయ్యారిభామ మొలచిన దొడ్డిలో వానిని ఆఱవేయరాదు. స్నానానంతరము చర్మము తడి యాఱకముందే కొబ్బరినూనె వంటిది రాచినచో పగుళ్లు తగ్గును. గోళ్లు పొట్టిగా కత్తిరించుకొనవలెను. దురద యని రక్తము వచ్చునట్లు గీరినచో పుండ్లు పడి చీము పట్టును.

ఈ జాతికే చెందిన మఱికొన్ని మొక్కలు కూడ ఈ రోగులకు పడకపోవుట కలదు. చామంతి, ప్రొద్దుతిరుగుడు, మరులమాతంగి యిట్టివి. చామంతి తోటలవారును, పూలమాలలు గ్రుచ్చువారును ఈ సంగతి గమనింపవలెను. దేవునికి పూలు పెట్టుట మానుమని మేము చెప్పము. పడనివారు మల్లెతోనో, మందారముతోనో పూజించినను దేవుడు కాదనడు.

లేపనముల విషయమున ఒక హెచ్చరిక. వైద్యుని చీటీ లేకయే దుకాణమున కొను అనేక లేపనములలో తీవ్రమైన స్టీరాయిడు మందు కలసియుండును. పూసిన రెండు దినములలో దురద హరించును గనుక రోగి సంతోషించును. మాసముల తరబడి ముఖమునకు పూసినచో చర్మము పలుచబడి, మానిన వెంటనే జబ్బు రెట్టించి వచ్చును. ఆ మందు చెడ్డది కాదు. వైద్యుడు ఎన్ని దినములు, ఏ చోట, ఎంత యని చెప్పి వాడించినచో మేలు చేయునదియే. మన సభ్యులు ఐదేండ్లు వాడినది అట్టి చీటీ లేని లేపనమే. జబ్బు ముదిరినవారికి అజాథయోప్రిన్ వంటి మాత్రలను వైద్యులు ఇచ్చుట కలదు. అవి దేహపు కావలి దళమును అణచునవి. వానిని వాడునప్పుడు మధ్యమధ్య రక్తపరీక్ష చేయించుట తప్పదు. తమంత తాము కొని వాడుట ప్రమాదము.

ప్రసంగవశమున మఱియొక మాట. పడకపోవుటలో నిదానముగా వచ్చునదే గాక, నిమిషములలో ప్రాణము తీయునదియు కలదు. తేనెటీగయో, కందిరీగయో కుట్టినప్పుడు గాని, పడని ఆహారము, మందు పుచ్చుకొన్నప్పుడు గాని ఒళ్లంతయు దద్దుర్లెక్కి, పెదవులు నాలుక వాచి, ఊపిరి ఆడక, కళ్లు తిరిగినచో అది ఆ జాతి. అప్పుడు పసరు పిండుచు, మంత్రము వేయించుచు కూర్చుండక, 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను. ఎడ్రినలిన్ సూదిమందు ఒకటియే అప్పుడు ప్రాణము నిలుపునది.

దూరముగా నుండుట ఒక్కని వలన కాదు

ఇవి యన్నియు రోగి తన ఇంటిలో చేసికొనగల పనులు. ఇంతటితో అతని ప్రశ్న తీఱలేదు. మందు బాధను తగ్గించును, కారణమును తొలగింపదు. రేపు తెల్లవారినచో ఆ పెద్దమనిషి మరల అదే గట్టుమీద నడువవలెను. చొక్కా తొడిగినను ముఖమును మూసికొని దున్నలేడు గదా! పట్టణవాసి ఒక పూవు పడనిచో ఆ తోటకు పోవుట మానును, ఒక కూర పడనిచో తినుట మానును. సేద్యగాడు పొలమునకు పోవుట మానినచో తినుటయే మానవలసివచ్చును. ఈ జబ్బువలన వ్యవసాయము విడిచి, భూమిని కౌలుకిచ్చి, పట్టణమున కాపలా పనికి చేరినవారిని మే మెఱుగుదుము. భూమి యున్న పెద్దమనిషికి ఆ కౌలైనను మిగులును. కూలికి పోవు మనిషికి అదియును లేదు. ఒంటిమీది మచ్చలను చూచి ఆమెను పనికి పిలువరు; పిలిచినచో పంపునది ఆ మొక్కలు పెఱుకుటకే!

ఒక వయ్యారిభామ మొక్క పదునైదు వేలనుండి ఇరువదియైదు వేల విత్తనములవఱకు రాల్చును. అవి మిక్కిలి తేలికైనవి; గాలికి, నీటికి, బండి చక్రములకు, పశువుల గిట్టలకు అంటుకొని పోవును. మొలచిన నాలుగు వారములలోనే పూతకు రాగలదు. కాబట్టి ఒకడు తన చేనిని అద్దమువలె ఉంచుకొన్నను, ప్రక్కవాడు ఒక్క గట్టును విడిచినచో శ్రమ యంతయు వృథా. ఒంటరిగా చేసినచో వ్యర్థమై, పదుగురు కూడినచో సఫలమగు పనికి సహకారమని పేరు. 1904వ సంవత్సరమున మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము పుట్టినది ఈ తత్త్వముమీదనే. ఒక్కని హామీకి ఇయ్యని అప్పును నలుగురి హామీకి ఇత్తురు. అప్పునకు చెల్లు ధర్మము ఆరోగ్యమునకు చెల్లదా?

ఆక్షేపణలకు సమాధానము

పాలకవర్గ సమావేశమున ఈ విషయము ముచ్చటించినప్పుడు మూడు ఆక్షేపణలు వచ్చినవి. వానిని దాచక ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదటిది: "ఇది ప్రభుత్వము చేయవలసిన పని." బాటల ప్రక్కను, కాలువ గట్లమీదను పెరిగినదానిని తీయించుట ప్రభుత్వ శాఖలయు, పంచాయతీలయు విధి యనుట నిజమే. దానికై అర్జీలు పెట్టుదము, మరల మరల అడుగుదము. కాని పూత ప్రభుత్వపు ఉత్తరువు కొఱకు ఆగదు. మన గట్లు మనవి. వానిమీద మొలచినది ఏ శాఖదియు కాదు.

రెండవది: "జబ్బు ఒకరిద్దరికే గదా! వారికొఱకు ఊరంతయు కష్టపడవలెనా?" ఈ మాట మాకు ఎక్కువ నొప్పి కలిగించినది. జబ్బు నేడు ఇద్దరికి. ఏండ్ల తరబడి నిశ్శబ్దముగా నుండి హఠాత్తుగా వచ్చునదని పైన వ్రాసితిమి. రేపటి మూడవవాడు ఎవరో ఈ ఆక్షేపణ చేసినవారికిని తెలియదు. అదియు గాక, ఇది చర్మముతో ఆగు నష్టము కాదు. 2000వ సంవత్సరము ఖరీఫునందు అనంతపురము జిల్లాలో వేరుశనగకు కాండము కుళ్లు తెగులు వచ్చి సుమారు 2,25,000 హెక్టార్లలో పైరు దెబ్బతినెను. నష్టము 300 కోట్ల రూపాయలకు మించినదని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. ఆ తెగులు ఒక వైరస్ వలన కలుగునది. ఆ వైరస్ ఏ చిహ్నమును పైకి చూపకుండ వయ్యారిభామలో దాగియుండి, దాని పుప్పొడితో తామరపురుగుల మూలమున వేరుశనగకు చేరునని తేలినది. గట్టుమీది కలుపును నిర్లక్ష్యము చేసిన ఫలము ఆనాడు జబ్బు లేనివారు కూడ అనుభవించిరి. పశువులు దీనిని సామాన్యముగా ముట్టవు. మేత లేక తిన్నచో పాలు చేదెక్కును, పశువునకును హాని. కాబట్టి రోగి కొఱకు చేయు ఉపకారమని యెవరును గర్వపడవలసిన పని లేదు. అతడు మన కందరికిని ముందుగా గంట కొట్టిన కావలివాడు.

మూడవది: "కూలి ఖర్చు ఎవరు భరింతురు?" ఇది న్యాయమైన ప్రశ్న. పూత వచ్చి గింజ రాలిన పిమ్మట మొదలుపెట్టినచో ఖర్చు భరింపరానిదే. తొలకరి పిమ్మట, నేల తడిగా నున్నప్పుడు, మొక్క జానెడెత్తున నున్నప్పుడు పెఱికినచో వేరుతో సహా సుఖముగా వచ్చును. మొదటి యేడు ఖర్చు ఎక్కువ. నేలలోని గింజలు మొలచుచునే యుండును గనుక రెండవ, మూడవ యేండ్లును విడువరాదు. ఏటేట తగ్గు ఖర్చునకు వెఱచి, ఏటేట పెరుగు నష్టమును భరించుట లెక్క తెలిసినవారి పని కాదు.

మా సూచనలు

రాబోవు మహాజనసభయందు చర్చకై ఈ క్రింది సూచనలను సభ్యుల యెదుట నుంచుచున్నాము.

ఏటేట తొలకరి వాన పడిన మూడు వారములలోపల ఒక దినమును, మరల మూడు నాలుగు వారములకు ఇంకొక దినమును సంఘము నిర్ణయించి, సభ్యులందరును ఆ దినములలో తమ గట్లను, తమకు ఆనుకొనిన బాట, కాలువ ప్రక్కలను శుభ్రము చేయవలెను. జబల్పూరులోని కలుపు పరిశోధన సంస్థ ప్రతి సంవత్సరము ఆగస్టు 16 మొదలు 22 వఱకు వయ్యారిభామ నివారణ వారమును జరుపుచున్నది. మన రెండవ దినము ఆ వారములో పడునట్లు చూచుకొనినచో బడిపిల్లలకు ఉపాధ్యాయులచేత ఈ సంగతి చెప్పించుటకును వీలగును. పిల్లలచేత మాత్రము మొక్కలను పెఱికింపరాదు.

పెఱుకువారికి చేతితొడుగులు, నిండు చేతుల చొక్కాలు, ముక్కునకు గుడ్డ సంఘపు ధనమునుండి కొని యిచ్చి, ప్రతి సంవత్సరము భద్రపఱచవలెను. వట్టి చేతులతో కూలి స్త్రీలను దింపుట ఇకమీదట మన గ్రామమున జరుగరాదు. ఒకని జబ్బు మాన్పుటకై ఇంకొకతెకు జబ్బు తెచ్చుట ధర్మము కాదు. ఒంటిపై ఇదివఱకే దద్దుర్లున్నవారిని ఈ పనికి పిలువరాదు. వారికి నష్టము రాకుండ వేఱొక పని చూపవలెను.

పెఱికిన మొక్కలను కుప్పవేసి తగులబెట్టరాదు. పొగతోను, పొడితోను అదే విషము ఊరిమీదికి వచ్చును. పూతకు రాని మొక్కలను గోతిలో పొరలు పొరలుగా, పేడనీళ్లతోను మన్నుతోను కప్పి మ్రగ్గబెట్టినచో మంచి ఎరువగును. పూత వచ్చినవానిని ఎరువు గోతిలో వేయుట విత్తనము నిలువచేయుటయే.

సేద్యము లేని బంజరుచోట్ల పది లీటర్ల నీటికి ఒకటిన్నర నుండి రెండు కిలోల ఉప్పు కలిపి, పూతకు ముందు ఎండవేళ చల్లినచో మొక్కలు మాడిపోవును. ఇది పైరుకు, సాగునేలకు తగలరాదు; ఉప్పు నేలను చెఱచును. కలుపుమందులు వాడదలచినవారు తమ పైరు పేరు చెప్పి వ్యవసాయాధికారి సలహా పొందవలెను.

ఈ మొక్క పుట్టినింటినుండియే దాని శత్రువును కూడ మన శాస్త్రజ్ఞులు తెప్పించిరి. జైగోగ్రామా యను చిన్న పెంకుపురుగు 1983లో మెక్సికోనుండి బెంగుళూరునకు వచ్చి, 1984లో పొలములలోనికి విడువబడెను. తెల్లని యొడలిమీద నల్లని చారలు గల ఈ పురుగు వానకాలమున వయ్యారిభామ ఆకులను గీకి తినివేయును. ఎండకాలమున నేలలో దాగును. మీ గట్లమీద ఇది కనబడినచో పైరు పురుగని భ్రమపడి మందు కొట్టకుడు. దీనివలననే పని తీఱునని కూడ నమ్మి కూర్చుండరాదు; ఇది కూలి చేయు చుట్టము గాని, కాపురము నడపు యజమాని కాదు.

పెఱికిన చోటు బోసిగా నున్నచో మరల అదే మొలచును. ఆ చోట తగిరిస గింజలు చల్లినచో అది గుబురుగా పెరిగి దీనిని తలయెత్తనీయదు. గట్లమీద తంగేడు ఉన్నచో నఱకక ఉంచుడు. కోతయంత్రములను ఒక ఊరినుండి ఇంకొక ఊరికి తెచ్చునప్పుడు కడిగి తేవలెను. మన్ను, ఇసుక, పశువుల ఎరువు బయటినుండి తోలించుకొనువారు ఆ వచ్చు చోటిలో ఈ మొక్క కలదేమో చూచి మఱియు తోలించుకొనవలెను.

చివరి సూచన ఖర్చు లేనిది. సంఘ కార్యాలయపు గోడమీద పెద్ద అక్షరములతో ఈ ఒక్క వాక్యము వ్రాయింపవలెను: "వయ్యారిభామ దురద అంటురోగము కాదు." క్షౌరశాలయందును, కాఫీహోటలునందును, రామాలయపు అరుగుమీదను సభ్యులు ఈ మాటను నోటితో చెప్పవలెను. దురద దేహమును బాధించును. వెలివేత మనస్సును చంపును. మొదటిదానికి మందు వైద్యునికడ కలదు. రెండవదానికి మందు మనకడనే కలదు.

ముగింపు

ఈ పనులన్నియు చేసినచో మన సభ్యుని జబ్బు పూర్తిగా నయమగునా? అట్లు మాట యిచ్చుటకు మాకు అధికారము లేదు. దేహము ఒకసారి పెంచుకొన్న వైరమును సులభముగా విడువదు. కాని గాలిలో ఆ పొడి తగ్గినకొలది అతని బాధ తగ్గును, మందుల అవసరము తగ్గును, రాత్రి నిద్ర పట్టును. ఒక సేద్యగాడు తన పొలమునకు తాను పోగలుగుటకు అది చాలును. మన సంఘము ఎన్ని బస్తాల ఎరువు అమ్మినది, ఎంత లాభము పంచినది యను లెక్కలు ప్రతి యేడు మహాజనసభలో చదువుచున్నాము. ఈ యేడు ఆ లెక్కల సరసన ఇంకొక లెక్కను చేర్చవలెనని మా కోరిక: ఎన్ని గట్లు శుభ్రపడినవి, ఎంతమంది తమ పొలమునకు తాము మరల పోగలిగిరి.

ఆ పెద్దమనిషి ఈ వ్యాసము వ్రాయుటకు సమ్మతించుచు ఒక్క షరతు విధించిరి, తమ పేరు వ్రాయరాదని. వ్రాయలేదు. కాని రాబోవు మహాజనసభనాడు వారు అరుగుమీద కూర్చుండరాదు. వారికొఱకు లోపల మొదటి వరుసలో చాప వేయింతుము. ఆ చాపమీద వారి ప్రక్కన కూర్చుండుటకు సభ్యులు ముందుకు రావలెనని కోరుచున్నాము. ఆ తరువాత గట్లమీదికి అందరమును కలసియే పోవుదము.